మంచము విడిపించిన వైద్యురాలు: మార్జొరీ వారెన్

తెలుగునాట ముదుసలి జబ్బుపడినచో మంచము పట్టెనని చెప్పుకొందురు. ఆ మాటలో రోగము పేరు లేదు. వచ్చినది జ్వరమా, పక్షవాతమా, విరిగినది తుంటి ఎముకయా అను ప్రశ్నకు అందులో తావు లేదు. మంచమే రోగము, మంచమే మందు, చివరకు మంచమే గతి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండు దేశపు ఆసుపత్రులలోను స్థితి ఇంచుమించు ఇట్లే ఉండెను. అక్కడ వాడుకలో ఉన్న మాట దీర్ఘరోగి. ఆ మాట ఒకసారి రోగి చీటీమీదికి ఎక్కెనా, ఇక వైద్యుని పని ముగిసినట్లే. ఆ చీటీతో తృప్తిపడక, దాని వెనుక ఉన్న మనిషిని పలుకరించి, పరీక్షించి, లేపి నడిపించిన వైద్యురాలు మార్జొరీ వారెన్. వృద్ధులకు చేయు వైద్యము ఒక ప్రత్యేకశాఖగా పెరిగిన దేశములలో ఆమెను ఆ శాఖకు తల్లిగా పేర్కొందురు.

ఆమె 1897 వ సంవత్సరము అక్టోబరు 28 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఐదుగురు కుమార్తెలలో ఆమె పెద్దది. బాలికల విద్యకు పేరుగాంచిన నార్త్ లండన్ కాలేజియేట్ పాఠశాలలో చదివి, ఆపై స్త్రీలకొరకే నెలకొల్పిన లండను వైద్య కళాశాలలోను, దానికి తోడుగా నిలిచిన రాయల్ ఫ్రీ ఆసుపత్రిలోను వైద్యవిద్య అభ్యసించెను. ఆ కళాశాలకు మద్రాసుతో ఒక చిన్న సంబంధము కలదు. 1875 లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన తొలి స్త్రీలలో ఒకరైన మేరీ షార్లీబ్, 1885 లో ఆ నగరమున గోషా ఆసుపత్రి వెలయుటకు కారకురాలై, పిమ్మట లండనుకు మరలి ఆ కళాశాలలో బోధించి శస్త్రవైద్యురాలిగా ప్రసిద్ధికెక్కిరి. పురుషుల కళాశాలలు తలుపులు మూసికొన్న కాలమున స్త్రీలు తమకై తెరచుకొన్న ద్వారమది. ఆ ద్వారము గుండ నడచిన వారెన్ 1923 లో వైద్యపట్టము పొంది, కొలదికాలము ఇతర ఆసుపత్రులలో పనిచేసి, 1926 లో లండనుకు పడమట థేమ్స్ నది చెంత ఉన్న ఐజిల్‌వర్త్ రోగిశాలలో చిన్న వైద్యాధికారిగా చేరెను. తరువాత వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి అని పేరుపడిన ఆ చోటనే ఆమె జీవితాంతము పనిచేసెను.

ఆ రోగిశాల పుట్టుక తెలియనిదే ఆమె చేసిన పని విలువ తెలియదు. 1834 నాటి పేదల చట్టము ననుసరించి ఇంగ్లండులో ఊరూర వర్క్‌హౌసులను, అనగా శ్రమశాలలను, నిర్మించిరి. బ్రతుకు తెరువులేనివారు అక్కడికి పోయి, కఠిన నియమములకు లోబడి, పనిచేసి తిండి తినవలెను. గతిలేనివారు తప్ప ఇతరులెవ్వరును రాకూడదని వానిని కావలెననియే కటువుగా నడిపిరి. అందు జబ్బుపడినవారికై కట్టినవే ఈ రోగిశాలలు. కాలక్రమమున ఒంటరి ముదుసళ్ళు వీనిలో నిండిపోయిరి. వేరొక ప్రక్క దాతల ధనముతో నడచు పెద్ద ఆసుపత్రులు ఉండెను. గొప్ప వైద్యులు, వైద్యవిద్యార్థులు అక్కడనే. త్వరగా నయమగు రోగులను, విద్యార్థులకు పాఠము చెప్పుటకు పనికివచ్చు రోగులను వారు ఏరుకొనెడివారు. త్వరలో లేవడని తోచిన ముదుసలిని శ్రమశాలకు పంపెడివారు. అచ్చటి తలుపు లోనికి తెరచుకొనుటయే గాని బయటికి తెరచుకొనుట అరుదు. 1929 లో చేసిన చట్టము వలన ఈ రోగిశాలలు మరుసటి సంవత్సరము జిల్లా మండలుల చేతికి వచ్చినవి. పేరు మారెను. గోడలు, పడకలు, అలవాట్లు మారలేదు.

తొలి సంవత్సరములలో వారెన్ మనస్సు శస్త్రచికిత్సమీద ఉండెను. శస్త్రవైద్యునకు ఒక గుణము తప్పదు. ఎక్కడ చెడినదో తెలియనిదే కత్తి పట్టరాదు. ఈ అలవాటు ఆమెకు తరువాత మిక్కిలి అక్కరకు వచ్చినది.

1935 లో ఆసుపత్రి ప్రక్కనే ఉన్న పాత శ్రమశాల రోగిశాలను కూడ ఆసుపత్రిలో కలిపిరి. దానితో 714 మంది రోగుల భారము వారెన్‌మీద పడెను. పేరుకోరు వైద్యుడెవ్వడును కన్నెత్తి చూడని పని అది. పొడవైన వార్డులలో పడకలు వరుసలు తీరి ఉండెను. ముదుసళ్ళ నడుమ వయస్సున చిన్నవారును, తెలివి చక్కగా ఉన్నవారి ప్రక్కన మతి తప్పినవారును, నేడో రేపో కన్నుమూయువారి చెంత లేచి నడువగలవారును పడియుండిరి. దాదులు కొలదిమంది. రోగిని లేపినచో పడునేమోనను భయము; పడకలోనే ఉంచినచో ఆ భయము లేదు. కనుక పడకకు ఇరుప్రక్కల కమ్ములు బిగించి, అన్నము అక్కడనే పెట్టి, మురికి అక్కడనే తీసి, దినము గడపెడివారు. ఎవరును క్రూరులు కారు. అది దయయనియే వారు తలచిరి.

పండుకొనియుండుట విశ్రాంతియని లోకము నమ్మును. ముదిసిన శరీరమున అది వేరుగా పనిచేయును. వాడుక తప్పిన కండరములు కొలదిదినములలోనే క్షీణింపసాగును. వంచి ఉంచిన మోకాళ్ళు ఆ వంపుననే బిగిసికొనును. మడమలయొద్దను, నడుము క్రిందను చర్మము ఒరసికొని పడకపుండ్లు పుట్టును. పిక్కలలో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. లోతుగా ఊపిరి తీయనివానిని న్యుమోనియా పట్టుకొనును. మలబద్ధము ముదిరి మూత్రము అదుపు తప్పును. పలుకరించువారు లేక మనస్సు మందగించును. ఇవియన్నియు కలిసి వచ్చిన తరువాత చూచిన వైద్యునికి ఇది ముసలితనమే కదా అని తోచుట సహజము. నిజమునకు అందులో చాలభాగము ముసలితనము చేసినది కాదు, మంచము చేసినది.

వారెన్ చేసిన పని చెప్పుటకు సులభము. ఆమె మొదటి పడకయొద్ద నిలిచి, రోగి ఎవరు, ఏమి జరిగి ఇక్కడికి వచ్చెను అని అడిగి, ఆపాదమస్తకము పరీక్షించి, అవసరమైన పరీక్షలు చేయించి, రోగనిర్ణయము వ్రాసి, రెండవ పడకకు కదలెను. అట్లు 714 పడకలు. ఒక్కొక్కరి విషయమున ఆమె వెదకినవి రెండు రకములు. శరీరములో ఏ రోగమున్నది, అందు కుదుర్చదగినది ఎంత? ఇది మొదటిది. రెండవది ఆనాటి వైద్యులు వైద్యములో చేర్చనిది: ఈ మనిషి తనంతట కూర్చుండగలడా, నిలువగలడా, చేతితో తినగలడా, బట్టలు తొడుగుకొనగలడా, జబ్బుకు ముందు ఎట్లు బ్రతికెను, ఇంటికి మరలినచో అక్కడ ఎవరున్నారు, మెట్లెన్ని? ఈ ప్రశ్నలు లేనిదే గుండెకు మందిచ్చి ఏమి ప్రయోజనమని ఆమె భావము.

ఆమె తన రోగులను ఐదు తరగతులుగా విభజించెను: లేచి తిరుగగలవారు, మంచముననున్నను మలమూత్రములు స్వాధీనమున ఉన్నవారు, అవి స్వాధీనము తప్పినవారు, మతి కొంచెము తడబడినను ఇతరులకు ఇబ్బంది కలిగింపనివారు, మతిభ్రమ ముదిరి వేరుగా ఉంచవలసినవారు. ఇప్పటి చెవులకు ఈ పేర్లు కటువుగానే వినబడును. కాని వీరందరిని ఒకే చీటీక్రింద కట్టివేసిన కాలమున, ఈ విభజనమే గొప్ప న్యాయము. మందమతియని పేరుపెట్టి వెనుక బల్లకు పంపిన పిల్లవానికి కండ్లు సరిగా కనబడుటలేదని కనిపెట్టిన ఉపాధ్యాయునికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

రోగనిర్ణయము జరిగిన తరువాత లేపుట ఆరంభమయ్యెను. మొదట పడక అంచున కాళ్ళు వ్రేలాడదీసి కూర్చుండబెట్టుట, పిదప కుర్చీ, పిదప పట్టుకొని నిలుచుట, పిదప రెండడుగులు. ఆసుపత్రి అంగీ విప్పించి సొంత బట్టలు కట్టించుట కూడ చికిత్సలో భాగమే, ఏలయనగా బట్టలు కట్టిన మనిషి మరల పండుకొనుటకు సంకోచించును. నడువలేడని వ్రాసిన ముదుసలికి ఒక్కొక్కప్పుడు అడ్డము కాలి ఆనెలో, పెరిగి వంకరపోయిన గోళ్ళో. మాట వినడని వ్రాసినవానికి చెవులు వినబడవు. తినదని వ్రాసిన అవ్వకు పండ్లు లేవు. పాదముల సంరక్షణ, కట్టుడు పండ్లు, కండ్లద్దములు అనునవి గొప్ప వైద్యగ్రంథములలో చోటుచేసికొనని విషయములు. మనుష్యులను మంచమునకు కట్టివేసినవి తరచుగా ఇవియే.

పక్షవాతము వచ్చి ఒక ప్రక్క పడిపోయినవారియందు వారెన్ విశేష శ్రద్ధ చూపెను. ఆ కాలమున పక్షవాత రోగిని వారములకొలది కదలింపక ఉంచుట ఆచారము. అంతలో చేయి మడిచికొనిపోయి, పాదము వ్రేలాడి, లేచుటకు అనువైన కాలము గడచిపోవును. మొదటి దినములనుండియే కీళ్ళు కదలించవలెననియు, మంచివైపు అంగములకు బలము కూర్చవలెననియు, వీలైనంత శీఘ్రముగా నిలుపవలెననియు ఆమె పట్టుదల. రక్తనాళములు పూడి కాలు తీసివేయవలసి వచ్చిన వృద్ధులను కూడ ఆమె విడువలేదు. ఇంత వయస్సున కొయ్యకాలు ఎందుకని తోటివారు అడిగినచోట, ఆమె కొయ్యకాలు తొడిగించి నడక నేర్పించెను. ఈ పని ఒక్క వైద్యుని వలన అగునది కాదు. దాదులు, వ్యాయామ చికిత్స చేయువారు, చేతిపనుల ద్వారా అంగములకు సాధన ఇచ్చువారు, ఇంటి పరిస్థితులు విచారించు సాంఘిక కార్యకర్త, వీరందరు ఒకచోట కూర్చుండి ఒక్కొక్క రోగినిగూర్చి ఆలోచించు పద్ధతిని ఆమె నెలకొల్పెను. తరువాతి కాలమున వృద్ధుల వైద్యమునకు గుర్తుగా నిలిచిన సామూహిక పద్ధతికి ఇది నాంది.

వార్డుల రూపమును కూడ ఆమె మార్పించెను. మసిబారిన గోడలకు లేత రంగులు, మంచి దీపములు, కాలు జారని నేల, పట్టుకొని నడచుటకు గోడలవెంట కమ్ములు, కూర్చుండి లేచుటకు తగిన ఎత్తుగల కుర్చీలు ఏర్పాటయ్యెను. ఇందులో ఏదియు ఖరీదైన యంత్రము కాదు.

ఫలితము అంకెలలో కనబడెను. ఇండ్లకు పోదగినవారు ఇండ్లకు పోయిరి. వైద్యము అక్కరలేక నీడ మాత్రమే కావలసినవారు వృద్ధుల వసతిగృహములకు చేరిరి. 714 పడకలు అవసరమైనచోట సుమారు 240 పడకలు చాలినవి. ఖాళీయైన పడకలను క్షయరోగుల చికిత్సకు ఇచ్చివేసిరి. ఆ 240 లో కూడ రోగులు వచ్చుట, కోలుకొనుట, పోవుట సాగెను. పడక ఒక మజిలీ అయ్యెను. ఇండ్లకు మరలుట అందరికి సాధ్యము కాలేదు. కొందరు అక్కడనే మరణించిరి. మరణము ఆసన్నమైనవారికి కూడ తమ రోగమేదో తెలిసికొని బాధ తగ్గించు హక్కు కలదని ఆమె పద్ధతి చూపెను.

అంతలో యుద్ధము వచ్చెను. 1939 లో బాంబుల దాడికి భయపడి ప్రభుత్వము ఇంగ్లండు దేశమంతట అత్యవసర వైద్యసేవ అను పేర ఆసుపత్రులను ఒక్కటిగా కూర్చెను. గాయపడి రాబోవువారికై పడకలు ఖాళీచేయుమని ఆజ్ఞ. మొదట బయటికి పోయినవారు వేలకొలది దీర్ఘరోగులు, అందును ముదుసళ్ళు. అత్యవసరము అను మాటలో వారికి చోటులేకపోయెను. ఈ కదలిక వలన మరియొక సంగతి బయటపడెను. దేశమునందలి ఆసుపత్రులను పరిశీలించుటకు ప్రభుత్వము పంపిన వైద్యులు, అదివరకు ఎన్నడును కాలుపెట్టని శ్రమశాలల వార్డులను మొదటిసారి చూచి విస్మయపడిరి. వారెన్ ఆ వార్డులలో అప్పటికే కొన్ని ఏండ్లుగా పనిచేయుచుండెను.

ఆమె తన అనుభవమును 1943 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నందును, 1946 లో లాన్సెట్ పత్రికయందును వ్యాసములుగా ప్రకటించెను. ఆమె వాదము సూటిగా ఉండెను. వృద్ధరోగులను ఊరివెలుపలి ఆశ్రమములకు పంపుట తప్పు. సామాన్య ఆసుపత్రిలోనే వారికి ప్రత్యేక విభాగము ఉండవలెను. ఏలయనగా ఎక్స్‌రే యంత్రము, రక్తపరీక్షలు, శస్త్రవైద్యుడు, కండ్ల వైద్యుడు ఉండునది అక్కడనే. వైద్యవిద్యార్థులు ఈ వార్డులలో కూడ శిక్షణ పొందవలెను. దాదులకు ఇది శిక్షగా వేయు పని కారాదు. వృద్ధుల రోగములు ఒక పరిశోధన విషయము కావలెను. దయాదాక్షిణ్యములను గూర్చి ఆమె తక్కువగానే వ్రాసెను. పడకల లెక్కను గూర్చి ఎక్కువగా వ్రాసెను. అధికారులను కదిలించునది ఏదో ఆమెకు తెలియును.

ముదుసలికి హఠాత్తుగా జబ్బుచేసినపుడు ఈ వాదము మరింత పదునుగా నిలుచును. పడుచువానికి గుండెపోటు వచ్చినచో రొమ్మునొప్పి చెప్పును. ఎనుబది దాటినవారికి నొప్పియే ఉండకపోవచ్చును. ఆయాసమో, మగతయో, ఉన్నట్టుండి మాట తడబాటో కనబడును. న్యుమోనియా జ్వరము లేకయే రావచ్చును. మూత్రము బిగిసిపోయినందువలననే రాత్రికి రాత్రి మతి చలించి సన్నిపాత లక్షణములు పుట్టవచ్చును. జారిపడిన అవ్వను చూచి విరిగిన ఎముకకు కట్టుకట్టుట సగము పని; ఎందుకు పడెను అనునది మిగిలిన సగము. నిలుచునపుడు రక్తపుపోటు పడిపోయెనా, మందు ఎక్కువైనదా, గుండె లయ తప్పెనా? తలుపుదగ్గరనే ఇది ముసలితనమని పంపివేసినచో ఈ ప్రశ్నలు అడుగువారు ఉండరు. అందుచేతనే మొదటి గంటలలో మంచి పరీక్ష దొరకు సామాన్య ఆసుపత్రి తలుపు వృద్ధులకు మూయరాదని వారెన్ పట్టుబట్టెను.

ఆమె ఒంటరి కాలేదు. వార్ధక్య వైద్యమునకు జీరియాట్రిక్స్ అను పేరును వియన్నాలో పుట్టి న్యూయార్కులో వైద్యము చేసిన ఇగ్నాట్జ్ నాషర్ 1909 లోనే పెట్టెను. పేరు నిలిచెను గాని ఆసుపత్రులు కదలలేదు. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతమున లయనెల్ కాసిన్ అను శస్త్రవైద్యుడు తుంటి విరిగిన ముదుసళ్ళకు శస్త్రచికిత్స చేసి త్వరగా నడిపించి, వారెన్ చెప్పినదానినే వేరు త్రోవను రుజువుచేసెను. ట్రెవర్ హవెల్ ప్రయత్నమున 1947 లో వృద్ధుల సంరక్షణకై ఒక వైద్యసంఘము ఏర్పడెను. వారెన్ దాని స్థాపకసభ్యులలో ఒకరు, లార్డ్ ఆమల్రీ తొలి అధ్యక్షుడు. ఆ తొలి సమావేశమునకు వచ్చినవారు పట్టుమని పదిమంది కూడ లేరు. 1959 లో ఆ సంఘమే బ్రిటిష్ జీరియాట్రిక్స్ సొసైటీగా పేరు మార్చుకొనెను. 1948 జూలై 5 న జాతీయ ఆరోగ్యసేవ ఆరంభమైనపుడు శ్రమశాలల వార్డులన్నియు ప్రభుత్వమునకు సంక్రమించినవి. వానిని ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము అప్పటికే ఐజిల్‌వర్త్‌లో సిద్ధముగా ఉండెను. నానాదేశముల వైద్యులు చూచిపోవుటకు వచ్చిరి. ఆమెయు విదేశములకు పోయి ఉపన్యసించెను.

గొప్పపేరుగల ఆసుపత్రులలోని పెద్దలు మాత్రము చాలకాలము ఈ శాఖను చిన్నచూపు చూచిరి. రోగుల దైన్యము వైద్యునికి కూడ అంటుకొనునట్లు వారు ప్రవర్తించిరి. వారెన్ పద్ధతిలో ఒక లోపమునకు కూడ బీజమున్నది. పడకలు ఖాళీయగునను లెక్కతో అధికారులను ఒప్పించిన వాదము, పిమ్మటివారి చేతులలో పడక ఖాళీచేయుటయే లక్ష్యముగా మారగల వాదము. కోలుకొనక మునుపే ముదుసలిని ఇంటికి తరుముట ఆమె పద్ధతి కాదు. ఇంట ఎవరున్నారని అడుగక ఎవ్వరిని పంపరాదనునది ఆమె నియమము. లెక్కను గుర్తుంచుకొనినవారు నియమమును మరచుట తరువాత పలుచోట్ల జరిగెను.

1960 సెప్టెంబరులో ఆమె జర్మనీలో జరుగు ఒక అంతర్జాతీయ సభకు పోవుచు, త్రోవలో ఫ్రాన్సు దేశమున మోటారు ప్రమాదమునకు గురియై మరణించెను. అప్పటికి ఆమె వయస్సు అరువదిరెండు. తాను వైద్యము చేసిన వయస్సు తనకు రాకుండగనే పోయెను.

ఆమె తరువాత ఈ శాఖ బ్రిటనులో వేగముగా పెరిగెను. పెరిగిన పడకలకు తగినంతమంది వైద్యులు దొరకలేదు. అచ్చటి పట్టభద్రులు గుండె వైద్యమో, శస్త్రవైద్యమో కోరుకొనిరి. 1960, 1970 దశకములలో ఆ ఖాళీలను పూరించినవారిలో భారతదేశమునుండియు, ఇరుగుపొరుగు దేశములనుండియు పోయిన వైద్యులు ఎక్కువమంది. వారిలో అనేకులు కోరిన శాఖ దొరకక ఇందు చేరిరి. చేరినపిదప ఈ పనిలో స్థిరపడి, ఆ దేశపు వృద్ధుల వైద్యమును నిలబెట్టినవారిలో వారును భాగస్వాములైరి.

వారెన్ పడకలచెంత కనిపెట్టినదానిని కొలిచి చూచుట తరువాత జరిగెను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి సెపుల్వెడా సైనికవైద్యశాలలో 123 మంది వృద్ధరోగులను రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారికి వైద్యుడు, దాది, వ్యాయామ చికిత్సకుడు, సాంఘిక కార్యకర్త కలిసి సమగ్రపరీక్ష చేయు వార్డులో చోటిచ్చిరి. రెండవ భాగమువారికి మామూలు వైద్యము చేసిరి. 1984 లో ప్రకటించిన ఫలితములలో, ఒక సంవత్సరము తిరుగునప్పటికి మొదటి భాగమున మరణించినవారు నూటికి 24, రెండవ భాగమున నూటికి 48. అత్యవసర విభాగపు గుమ్మము వరకు ఈ పద్ధతి చేరుటకు మరికొంత కాలము పట్టెను. 2008 లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున సిల్వర్ స్ప్రింగ్ పట్టణపు హోలీ క్రాస్ ఆసుపత్రిలో వృద్ధులకై ప్రత్యేక అత్యవసర విభాగమును తెరచిరి. 2014 లో అక్కడి వైద్యసంఘములు కలిసి అట్టి విభాగములకు నియమములు వ్రాసినవి. గట్టి బల్లపై గంటలకొలది ఉంచక మందపు పరుపు వేయుట, కాలు జారని నేల, మెత్తని వెలుతురు, చప్పుడు తగ్గించుట, రోగి మ్రింగుచున్న మందులన్నిటిని సరిచూచుట, మతి తడబాటును వచ్చినవెంటనే కనిపెట్టుట, పడిపోయినవానిని పంపుటకు ముందు లేపి నడిపించి చూచుట మున్నగునవి అట్టి విభాగములలో పాటింపబడు పద్ధతులు.

మన ప్రక్కన మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1978 లో వృద్ధులకై ప్రత్యేక విభాగము ఆరంభమయ్యెను. దేశములో అటువంటిది అదియే మొదటిది. మొదట అది బయటి రోగులను చూచుటకు మాత్రమే. పడకలు కొన్ని ఏండ్ల తరువాత వచ్చినవి.